టెలివిజన్ నాటకాల్లో డిఫెన్స్ న్యాయవాది: చిత్రణ, వాస్తవికత

క్రిమినల్ కేసులో ముద్దాయి తరఫున వకాల్తా దాఖలు చేసి వాదించే వకీలును డిఫెన్స్ న్యాయవాది అంటారు. కోర్టు హాలు, వకీలు ఛాంబరు, పోలీసు స్టేషను, జైలు చుట్టూ కథ నడిచే ధారావాహికలకు న్యాయస్థాన నాటకాలని పేరు. 1950ల చివర్లో అమెరికా టెలివిజన్‌లో స్థిరపడ్డ ఈ ప్రక్రియ బ్రిటన్‌లో వేరే దారి పట్టింది. 2010 తరవాత హిందీ ఛానెళ్లకూ, ఓటీటీ వేదికలకూ విస్తరించింది.

ఈ నాటకాలు ఎంతవరకు నిజం అన్న ప్రశ్నను రెండు స్థాయుల్లో పరిశీలించాలి. గౌను, బోను, సంబోధన, సెక్షన్ల సంఖ్యలు వంటి పైపై వివరాలు మొదటి స్థాయి. డిఫెన్స్ వకీలు నిజంగా చేసే పని ఏమిటి, అతని బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది రెండో స్థాయి. మొదటి రకం పొరపాట్ల వల్ల పెద్ద నష్టం లేదు. రెండో రకం పొరపాట్లు నేరన్యాయ వ్యవస్థ గురించి పౌరుల అవగాహననే మారుస్తాయి. నేరాన్ని నిరూపించాల్సిన భారం ఎవరిదన్న విషయంలో కలిగే అపోహ వాటిలో అన్నిటికన్నా పెద్దది.

చారిత్రక వికాసం

అమెరికా

ఈ ప్రక్రియకు అచ్చు పోసింది ‘పెర్రీ మేసన్’. వకీలుగా పనిచేసిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ 1933లో ఈ పాత్రతో తొలి నవల వెలువరించాడు. సీబీఎస్ సంస్థ రేమండ్ బర్ కథానాయకుడిగా 1957 నుంచి 1966 వరకు 271 భాగాలు ప్రసారం చేసింది. ప్రతి కథలోనూ ఒక హత్య జరుగుతుంది, చేయని నేరానికి ఒకరు ఇరుక్కుంటారు, చివరికి అసలు హంతకుడు కోర్టులోనే నేరం ఒప్పుకుంటాడు. కోర్టు దృశ్యాల్లో చాలా వాటిని ప్రాథమిక విచారణగా చూపారు. ఆ దశలో జ్యూరీ ఉండదు కాబట్టి పన్నెండు మంది నటుల ఖర్చు తప్పింది. చట్టం ప్రకారం అక్కడ తేలాల్సింది కేసును పూర్తి విచారణకు పంపడానికి తగిన ఆధారం ఉందా లేదా అన్నంత వరకే. మేసన్ మాత్రం అక్కడే హంతకుణ్ని పట్టేస్తాడు. గార్డ్‌నర్ నిజజీవితంలో చేసిన పని ఇంతకన్నా చాలా నెమ్మదైనది, ఓపిక కోరేది. 1948లో ఆర్గొసీ పత్రికతో కలిసి, అన్యాయంగా శిక్షపడ్డ వాళ్ల కేసుల్ని నిపుణుల సాయంతో తిరగదోడే బృందాన్ని ఏర్పాటు చేశాడు.

రెజినాల్డ్ రోజ్ రూపొందించిన ‘ద డిఫెండర్స్’ (సీబీఎస్, 1961–1965) మేసన్‌కు పూర్తిగా భిన్నం. తండ్రీకొడుకులైన ఇద్దరు వకీళ్లు మరణశిక్ష, భావస్వేచ్ఛ వంటి చిక్కు విషయాలున్న కేసులు చేపడతారు, కొన్నిసార్లు ఓడిపోతారు. గర్భస్రావంపై 1962లో వచ్చిన ‘ద బెనిఫాక్టర్’ అనే భాగం నుంచి ప్రకటనదారులు తప్పుకున్నారు. ఆ ధారావాహిక నడుస్తుండగానే, 1963లో, గిడియన్ వర్సెస్ వెయిన్‌రైట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. తీవ్రమైన నేరాల్లో వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి రాష్ట్రమే వకీలును ఇవ్వాలన్నది దాని సారం. అమెరికాలో పబ్లిక్ డిఫెండర్ల వ్యవస్థ విస్తరించింది ఆ తీర్పు తరవాతే.

స్టీవెన్ బాచ్‌కో, ఒకప్పుడు డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీగా పనిచేసిన టెరీ లూయీస్ ఫిషర్ కలిసి సృష్టించిన ‘ఎల్.ఏ. లా’ (1986–1994) న్యాయసంస్థల లోపలి జీవితాన్ని తెరకెక్కించింది. బోస్టన్‌లో వకీలుగా పనిచేసిన డేవిడ్ ఇ. కెల్లీ ‘ద ప్రాక్టీస్’ (1997–2004) రాశాడు. నేరం చేశాడని తమకే అనుమానం ఉన్న కక్షిదారును కాపాడటంలో వకీళ్లు పడే నైతిక సంఘర్షణ దాని ముడిసరుకు. డిక్ వుల్ఫ్ ‘లా అండ్ ఆర్డర్’ 1990లో మొదలై 2010 దాకా నడిచి, 2022లో మళ్లీ వచ్చింది. దాని ప్రతి భాగంలో మొదటి సగం పోలీసులది, రెండో సగం ప్రాసిక్యూటర్లది. డిఫెన్స్ వకీలు ఎక్కువగా దారికడ్డం పడే మనిషిగానే కనిపిస్తాడు.

బ్రిటన్

బ్రిటిష్ నాటకాల్లో వకీళ్లే రచయితలు కావడం ఎక్కువ. ‘రంపోల్ ఆఫ్ ద బెయిలీ’ రచయిత జాన్ మార్టిమర్ స్వయంగా క్వీన్స్ కౌన్సెల్. 1971 నాటి ‘ఓజ్’ పత్రిక కేసులో డిఫెన్స్ వాదించినవాడు. రంపోల్ పాత్ర 1975లో బీబీసీ నాటికగా పుట్టి, 1978 నుంచి 1992 వరకు థేమ్స్ టెలివిజన్‌లో సాగింది. లియో మెకెర్న్ పోషించిన ఈ ముసలి బారిస్టరు ప్రాసిక్యూషన్ తరఫున వాదించడు, క్వీన్స్ కౌన్సెల్ హోదా తెచ్చే సిల్కు గౌను కోసం పాకులాడడు. అతని కేసుల్లో చాలా భాగం దక్షిణ లండన్‌కు చెందిన టిమ్సన్ అనే చిల్లర దొంగల కుటుంబం నుంచి వచ్చేవే. అనుమానానికి అతీతంగా నేరం నిరూపించాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దేనని 1935లో వూల్మింగ్టన్ కేసులో ప్రభువుల సభ స్థిరపరచిన సూత్రాన్ని అతను పదేపదే గుర్తుచేస్తాడు. ఆ సూత్రాన్ని ఇంత శ్రద్ధగా సామాన్య ప్రేక్షకుడి ముందుంచిన టెలివిజన్ పాత్ర మరొకటి కనిపించదు.

‘గారోస్ లా’ (బీబీసీ, 2009–2011) 18వ శతాబ్దపు ఓల్డ్ బెయిలీ కోర్టును చూపింది. ఆ రోజుల్లో తీవ్ర నేరాల ముద్దాయి తరఫు వకీలు సాక్షుల్ని ప్రశ్నించగలిగేవాడే తప్ప జ్యూరీని ఉద్దేశించి వాదన చెప్పడానికి వీలుండేది కాదు. ఆ హక్కు 1836 చట్టంతో వచ్చింది. ముద్దాయి వకీలు చేతిలో ప్రశ్న ఒక్కటే ఆయుధంగా ఉన్న కాలంలోనే క్రాస్ ఎగ్జామినేషన్ కళగా ఎదిగిందన్న చారిత్రక సత్యాన్ని ఈ నాటకం బాగా పట్టుకుంది.

మాజీ బారిస్టరు పీటర్ మోఫట్ రాసిన ‘క్రిమినల్ జస్టిస్’ (బీబీసీ, 2008) ఒకే కేసును అరెస్టు నుంచి తీర్పు దాకా అనుసరించింది. ఇదే కథ 2016లో హెచ్‌బీఓలో ‘ద నైట్ ఆఫ్’గా, 2019లో హాట్‌స్టార్‌లో హిందీ ‘క్రిమినల్ జస్టిస్’గా మారింది. ఒకే కథ మూడు న్యాయవ్యవస్థల్లో ఎలా ఇమిడిందో పోల్చి చూడటానికి ఇది అరుదైన అవకాశం.

భారతదేశం

సోనీ ఛానెల్‌లో 2010లో మొదలైన ‘అదాలత్’ పెర్రీ మేసన్ అచ్చులోనిదే. రోణిత్ రాయ్ పోషించిన కె.డి. పాఠక్ సత్యం తరఫునే వాదిస్తాడు, దర్యాప్తూ తానే చేస్తాడు, బోనులో నిలబడ్డ దోషి చేత నిజం కక్కిస్తాడు. హిందీ ‘క్రిమినల్ జస్టిస్’లో పంకజ్ త్రిపాఠీ పోషించిన మాధవ్ మిశ్రా ఆ మూసను బద్దలు కొట్టాడు. కోర్టు ఆవరణలో చిన్నాచితకా కేసులు ఏరుకుని బతికే ఈ వకీలు మన జిల్లా కోర్టుల్లో నిత్యం కనిపించే మనిషి. ‘గిల్టీ మైండ్స్’ (ప్రైమ్ వీడియో, 2022) సాంకేతిక, సామాజిక సమస్యలున్న కేసుల్ని ఎంచుకుంది. ‘మామ్లా లీగల్ హై’ (నెట్‌ఫ్లిక్స్, 2024) ఢిల్లీ పట్పర్‌గంజ్ జిల్లా కోర్టు నేపథ్యంలో ఛాంబర్ల తగాదాలు, బార్ అసోసియేషన్ ఎన్నికలు చూపిన హాస్య ధారావాహిక.

తెలుగు ప్రేక్షకుడికి కోర్టు పరిచయమైంది ధారావాహికల కన్నా సినిమా ద్వారానే ఎక్కువ. ‘న్యాయం కావాలి’ (1981), ‘జస్టిస్ చౌదరి’ (1982) కోర్టు దృశ్యాలకు పేరుపడ్డాయి. యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా వచ్చిన ‘అభిలాష’ (1983)లో మరణశిక్ష రద్దు కోరే యువ వకీలు, నిర్దోషికీ ఆ శిక్ష పడవచ్చని చూపించబోయి తానే చిక్కుల్లో పడతాడు. ‘నాంది’ (2021) ఏళ్ల తరబడి జైల్లో మగ్గే విచారణ ఖైదీ కథ. అబద్ధపు కేసు పెట్టడం గురించిన పాత శిక్షాస్మృతి 211వ సెక్షన్ అందులో కీలకం. ‘కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ’ (2025)లో పోక్సో కేసులో ఇరుక్కున్న పేద యువకుడి తరఫున ఒక జూనియర్ వకీలు నిలబడతాడు.

ఇతర దేశాలు

జపాన్‌లో టీబీఎస్ సంస్థ 2016లో ప్రసారం చేసిన ‘99.9’ అనే ధారావాహిక పేరు, ఆ దేశంలో విచారణకు వెళ్లిన క్రిమినల్ కేసుల్లో శిక్షలు పడే శాతాన్ని సూచిస్తుంది. మిగిలిన ఆ పదోవంతు శాతం కోసం పోరాడే వకీలు కథ అది.

రకాలు

వారానికొక కేసు ముగిసే కథలు ఒక రకం (‘పెర్రీ మేసన్’, ‘అదాలత్’). ఒకే కేసును మొత్తం ధారావాహికగా సాగదీసేవి మరో రకం (‘ద నైట్ ఆఫ్’). నిజమైన కేసుల పునర్నిర్మాణాలు ఇంకో రకం. 1995 నాటి విచారణను చూపిన ‘ద పీపుల్ వర్సెస్ ఓ.జె. సింప్సన్’ (2016), నానావతి కేసును చూపిన ‘ద వర్డిక్ట్’ (2019) ఈ కోవలోవి. వాస్తవికత దృష్ట్యా రెండో రకానికి సహజంగానే ఒక అనుకూలత ఉంది. బెయిలు, రిమాండు, ఛార్జిషీటు, సాక్ష్యం, వాదన అనే దశల మధ్య గడిచే కాలాన్ని చూపడానికి దానికి చోటుంటుంది.

నిజమైన డిఫెన్స్ పని

భారతదేశంలో డిఫెన్స్ పని కోర్టు హాల్లో మొదలవదు. అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన వకీలును సంప్రదించే హక్కును రాజ్యాంగం 22(1) అధికరణం ఇచ్చింది. ఉచిత న్యాయసహాయం గురించిన 39ఎ అధికరణం 1976లో చేరింది. హుస్సేనారా ఖాతూన్ కేసులో 1979లో సుప్రీంకోర్టు ఆ సహాయాన్ని న్యాయమైన విచారణలో విడదీయరాని భాగంగా పరిగణించింది. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబర్ 9 నుంచి అమలైంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో తెచ్చిన కొత్త పద్ధతిలో, పూర్తికాలం ముద్దాయిల తరఫునే పనిచేసే చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెళ్లను జిల్లా స్థాయిలో నియమిస్తున్నారు.

2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల సంఖ్యలు మారినా వకీలు రోజువారీ పని పెద్దగా మారలేదు. రిమాండు రిపోర్టు నకలు సంపాదించాలి. బెయిలు పిటిషన్ వేయాలి. బెయిలు వచ్చాక ష్యూరిటీలు దొరక్కపోతే షరతులు సడలించమని మళ్లీ పిటిషన్ వేయాలి. నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే చట్టప్రకారం బెయిలు అడగాలి. ఆ గడువు మరునాడే పిటిషన్ వేసే వకీలుకూ, వారం ఆలస్యం చేసే వకీలుకూ మధ్య తేడా ముద్దాయి స్వేచ్ఛే అవుతుంది. ఈలోగా ఛార్జిషీటు వచ్చిపడితే ఆ హక్కు పోతుంది. తెరమీద ఈ తేదీల లెక్క దాదాపు కనబడదు.

ఛార్జిషీటు వచ్చాక అసలు చదువు మొదలవుతుంది. సాక్షులు పోలీసులకిచ్చిన వాంగ్మూలాలు (కోర్టు వాడుకలో ఇప్పటికీ 161 స్టేట్‌మెంట్లు), మధ్యవర్తుల రిపోర్టులు, పోస్టుమార్టం సర్టిఫికెట్, ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదిక, ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకు చేరిన వేళ ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని పొంతన లేని చోట్లు వెతకాలి. మంచి డిఫెన్స్ వకీలు బలం గొంతులో కన్నా ఈ చదువులో ఎక్కువగా ఉంటుంది.

చిత్రణకూ వాస్తవానికీ మధ్య తేడాలు

నిర్దోషి కక్షిదారు, నిరూపణ భారం

తెరమీద వకీలు కాపాడేది చాలావరకు నిర్దోషినే. అతను విడుదల కావాలంటే అసలు నేరస్థుణ్ని వకీలు పట్టి తేవాలి. చట్టం అడిగేది అది కాదు. నేరం ముద్దాయే చేశాడని ప్రాసిక్యూషన్ అనుమానానికి తావు లేకుండా నిరూపించలేకపోతే సంశయ లబ్ధి కింద అతన్ని వదిలేయాలి. ఇంకెవరు చేశారో చెప్పే బాధ్యత డిఫెన్స్‌కు లేదు. ముద్దాయి నోరు విప్పకపోయినా, ఒక్క సాక్షినీ పిలవకపోయినా కేసు వీగిపోవచ్చు. దశాబ్దాలుగా అసలు హంతకుణ్ని పట్టే వకీళ్లనే చూసిన ప్రేక్షకుడు, సంశయ లబ్ధితో బయటపడ్డవాణ్ని ‘తప్పించుకున్నవాడు’ అనుకుంటాడు. సెక్షన్ల సంఖ్యల్లో దొర్లే పొరపాట్లన్నీ కలిపినా ఈ ఒక్క అపోహ చేసే హానికి సాటిరావు.

క్రాస్ ఎగ్జామినేషన్

నాటకంలో వకీలు సాక్షి చుట్టూ తిరుగుతూ, గొంతు పెంచుతూ, ఒక్క ప్రశ్నతో అతన్ని కూల్చేస్తాడు. సెషన్స్ కోర్టులో జరిగేది ఇలా ఉంటుంది. రాత్రి పది గంటలకు వీధి దీపం వెలుగులో ముద్దాయిని చూశానని పి.డబ్ల్యు.2, అంటే ప్రాసిక్యూషన్ రెండో సాక్షి, చీఫ్ ఎగ్జామినేషన్‌లో చెప్పాడనుకుందాం. పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటులో వీధి దీపం ఊసే లేదు. వకీలు అడిగేది, “వీధి దీపం వెలుగుతోందని పోలీసులకు మీరు చెప్పలేదు కదా?” అని. సాక్షి “చెప్పాను” అంటాడు. అంతటితో ఆపాలి. ఎందుకు చెప్పలేదని గుచ్చితే సాక్షి కొత్త వివరణ అల్లుకుంటాడు. చివరగా “మీరు ఆ చోట లేనే లేరు, పోలీసులు చెప్పమన్నట్టు చెబుతున్నారు” అని సూచన వేస్తారు. సాక్షి కాదంటాడు. “నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననుట నిజం కాదు” అన్న వాక్యం రికార్డుకెక్కుతుంది. నెలల తరవాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఆ సాక్షి తనకు వీధి దీపం సంగతి చెప్పలేదని అతని చేత ఒప్పించాలి. అప్పుడే ఆ లోపం రుజువైనట్టు. దాని విలువ తెలిసేది తుది వాదనల్లో. ఇలాంటి లోపాల్ని ఎప్పుడు వైరుధ్యాలుగా చూడాలో 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. విజయం ఇక్కడ మూడు వాయిదాల్లో, మూడు వాక్యాల్లో చెదిరి ఉంటుంది. దాన్ని తెరకెక్కించడం కష్టమే, కానీ అసాధ్యం కాదు.

నేరాంగీకారం

పోలీసు స్టేషన్లో ముద్దాయి నేరం ఒప్పుకోవడం తెరమీద కథకు ముగింపు. భారత చట్టంలో పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయిపై రుజువుగా వాడకూడదు. ఆ సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత మేరకే పరిమితంగా వాడవచ్చు. ఒకప్పటి సాక్ష్య చట్టం 25 నుంచి 27 వరకు ఉన్న సెక్షన్లు ఇప్పుడు కొత్త చట్టం 23వ సెక్షన్‌లో ఉన్నాయి. కత్తి దొరికిన చోటు, మధ్యవర్తుల సంతకాలు, వాళ్లు నిజంగా అక్కడికి వెళ్లారా లేదా అన్న విషయాల మీద సెషన్స్ కోర్టుల్లో గంటల తరబడి వాదనలు జరిగేది ఇందుకే.

ఆకస్మిక సాక్ష్యం

ఆఖరి నిమిషంలో తలుపు తోసుకుని వచ్చే సాక్షి, జేబులోంచి తీసే వీడియో నాటకాలకు ప్రాణం. ప్రాసిక్యూషన్ ఆధారపడే పత్రాల నకళ్లు విచారణకు ముందే ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలని మన చట్టం చెబుతుంది. ముద్దాయికి మేలు చేసే ఆధారాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1963లో బ్రేడీ తీర్పులో చెప్పింది. కాగితాలు ముందే చేతికి రావాలన్నది న్యాయమైన విచారణకు మూలసూత్రం. అవి పూర్తిగా రాకపోతే డిఫెన్స్ పోరాటం అక్కడే మొదలవుతుంది.

కాలం, బేరం, రాజీ

ఒక గంటలో ముగిసే కేసు నిజానికి ఏళ్లు పడుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే. అమెరికాలో ఇంకో రకమైన వాస్తవం కనిపిస్తుంది. 2012లో మిస్సోరీ వర్సెస్ ఫ్రై తీర్పులో సుప్రీంకోర్టు పేర్కొన్న లెక్కల ప్రకారం ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల శిక్షల్లో 94 శాతం విచారణ లేకుండా ముద్దాయి నేరాన్ని అంగీకరించడం వల్ల పడ్డవే. అంటే అమెరికన్ డిఫెన్స్ వకీలు పనిలో అధికభాగం బేరమాడటమే, నాటకాల్లో మాత్రం అధికభాగం విచారణే.

భారతదేశంలో ఏడేళ్ల లోపు శిక్షపడే కొన్ని నేరాలకు నేరాంగీకార బేరాన్ని 2005 సవరణతో అనుమతించినా దాని వాడకం చాలా తక్కువ. ఇక్కడ నడిచేది రాజీ. చట్టం అనుమతించే కేసులు లోక్ అదాలత్‌లో ముగుస్తాయి. అనుమతించని కేసుల్లో ఊరి పెద్దమనుషుల దగ్గర మాట కుదిరాక సాక్షులు హోస్టైల్ అవుతారు, లేదా కేసు కొట్టేయమని ఇరుపక్షాలూ హైకోర్టుకు వెళతాయి. తెరమీద సాక్షి అడ్డం తిరిగితే దాని వెనక విలనో, లంచమో ఉంటుంది. ఇరుగుపొరుగు సర్దుకుపోవడం అనే మామూలు కారణాన్ని కథలు పట్టించుకోవు.

పనిభారం

తెరమీది వకీలు చేతిలో ఒక్కటే కేసు ఉంటుంది. ఒక పబ్లిక్ డిఫెండర్ ఏడాదికి 150 తీవ్ర నేరాల కేసులు లేదా 400 చిన్న నేరాల కేసులు మించి చేపట్టకూడదని 1973లో అమెరికా జాతీయ సలహా సంఘం సూచించింది. ఆ పరిమితే చాలా ఎక్కువని తరవాతి కాలంలో విమర్శలొచ్చాయి. 2023లో ర్యాండ్ సంస్థ తదితరులు వెలువరించిన అధ్యయనం కేసుల సంఖ్యకు బదులు ఒక్కో రకం కేసుకు ఎన్ని గంటలు కావాలన్న లెక్కతో కొత్త ప్రమాణాలు ప్రతిపాదించింది.

కోర్టు హాలు ఆచారాలు

భారతీయ, బ్రిటిష్ కోర్టుల్లో న్యాయమూర్తి బల్ల మీద సుత్తి కొట్టే ఆచారం లేదు. అది అమెరికా నుంచి తెరల మీదికి వచ్చింది. భగవద్గీత మీద చెయ్యి పెట్టించడం కూడా సినిమా ఆచారమే. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుడి పేరు మీద గాని, మనస్సాక్షిగా గాని మాటతో ప్రమాణం చేస్తే చాలు. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’, కింది కోర్టుల్లో ‘సర్’ అంటే సరిపోతుందని భారత బార్ కౌన్సిల్ 2006లో నియమం చేసినా, తెరమీద జిల్లా జడ్జిని సైతం ‘మై లార్డ్’ అనే పిలుస్తారు. జ్యూరీ విచారణలు మన దేశంలో 1959 నాటి నానావతి కేసు తరవాత క్రమంగా కనుమరుగై, 1973 కోడ్‌తో పూర్తిగా పోయాయి.

వృత్తి నియమాలు

నేరస్థుడని తెలిసీ ఎలా వాదిస్తారన్న ప్రశ్న డిఫెన్స్ వకీళ్లకు ఎప్పుడూ ఎదురయ్యేదే. భారత బార్ కౌన్సిల్ నియమాల్లో దీనికి నేరుగా సమాధానం ఉంది. ముద్దాయి దోషా నిర్దోషా అన్న సొంత అభిప్రాయంతో నిమిత్తం లేకుండా వకీలు అతని తరఫున వాదించాలి, ఎందుకంటే తగిన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్న చట్టానికి అతను బద్ధుడు. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఘోరమైన నేరాలు జరిగినప్పుడు అలాంటి తీర్మానాలు వస్తూనే ఉన్నాయి.

నాటకాలు ఈ సమస్యను రెండు విధాలుగా దాటవేస్తాయి. ఒకటి, కక్షిదారును నిర్దోషిగా చూపడం. రెండోది, దోషి అని తెలియగానే వకీలు అతన్ని రహస్యంగా పట్టించేలా చేయడం. రెండోది నిజజీవితంలో తీవ్రమైన వృత్తి ద్రోహం. కక్షిదారు చెప్పిన రహస్యాన్ని వకీలు బయటపెట్టకూడదు. జరగబోయే నేరం వంటి కొన్ని సందర్భాలే ఇందుకు మినహాయింపు. న్యూయార్క్ రాష్ట్రంలో 1973లో రాబర్ట్ గారో అనే హంతకుడు తన వకీళ్లు ఫ్రాంక్ ఆర్మనీ, ఫ్రాన్సిస్ బెల్జ్‌లకు మరికొన్ని శవాల ఆచూకీ చెప్పాడు. వాళ్లు వెళ్లి చూసి కూడా, 1974 విచారణ వరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మృతుల కుటుంబాల బాధ, ప్రజల ఆగ్రహం వాళ్ల జీవితాల్ని తలకిందులు చేశాయి. బెల్జ్‌పై పెట్టిన కేసును కోర్టు కొట్టేసింది. అమెరికన్ న్యాయ కళాశాలల్లో ఈ ఉదంతాన్ని నేటికీ బోధిస్తారు. ఇంత బరువును ఏ ఉపాయంతోనూ తేలిక చేయకుండా మోసిన ధారావాహికలు చాలా తక్కువ.

అదే సమయంలో వకీలు తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం పెట్టకూడదు. అబద్ధం చెప్పబోయిన ముద్దాయిని వకీలు హెచ్చరించి ఆపడం అతని హక్కుల్ని హరించినట్టు కాదని 1986లో నిక్స్ వర్సెస్ వైట్‌సైడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. సాక్షిని కొనే వకీలు, దొంగ ఆధారం సృష్టించే వకీలు తెరమీద చతురులుగా చప్పట్లు కొట్టించుకుంటారు. బయట అది నేరం, సనదు పోయే తప్పు.

వాస్తవానికి దగ్గరైన చిత్రణలు

బీబీసీ ‘క్రిమినల్ జస్టిస్’, ‘ద నైట్ ఆఫ్’ రెండింటిలోనూ వకీలు పోలీసు స్టేషన్లో కుర్రాణ్ని కలవగానే చేసే మొదటి పని, కథ చెప్పకుండా అతని నోరు మూయించడం. ఏం జరిగిందో వినాలని వకీలు తొందరపడడు. ప్రేక్షకుడికి ఇది కపటంగా కనిపించవచ్చు. కక్షిదారు ఒక మాట చెప్పేశాక దానికి విరుద్ధమైన సాక్ష్యం అతని చేత చెప్పించే దారి వకీలుకు మూసుకుపోతుంది కాబట్టి, పోలీసుల చేతిలో ఏముందో తెలిసేదాకా వేచి ఉండటం వృత్తిలో మామూలు జాగ్రత్త. బీబీసీ రూపం బారిస్టర్లను చూపిన తీరుపై ఇంగ్లండ్ న్యాయవాద వర్గం నుంచి అభ్యంతరాలు వచ్చాయి. రిమాండు జైలు మనిషిని తీర్పు కన్నా ముందే ఎలా మార్చేస్తుందన్న దాని చిత్రణ మాత్రం మూడు దేశాల రూపాల్లోనూ నిలబడింది.

‘బెటర్ కాల్ సాల్’ (ఏఎంసీ, 2015–2022) మోసకారి వకీలు కథే అయినా, తొలి భాగాల్లో అతను అల్బకర్కీ కోర్టులో నామమాత్రపు రుసుముకు పేదల కేసులు వాదిస్తూ తిరగడం, ప్రాసిక్యూటరుతో వరండాలో నిలబడి వరసగా కేసులు బేరమాడటం నిజానికి చాలా దగ్గరగా ఉన్నాయి. హిందీ ‘క్రిమినల్ జస్టిస్’లో మాధవ్ మిశ్రా ఫీజు కోసం పడే అగచాట్లు కూడా అంతే. డబ్బు సంగతిని నిజాయితీగా చూపిన చోట మిగిలిన వాస్తవికత దానంతటదే వస్తుందనడానికి ఇవి ఉదాహరణలు.

ప్రేక్షకులపై ప్రభావం

నాటకాల ప్రభావం అన్నివేళలా చెడ్డదేమీ కాదు. చిన్ననాడు చూసిన ‘పెర్రీ మేసన్’ తనను న్యాయవృత్తి వైపు నడిపిందని అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సొటొమేయర్ చెప్పారు. మౌనంగా ఉండే హక్కును గుర్తుచేసే మిరాండా హెచ్చరికలు జాతీయ సంస్కృతిలో భాగమైపోయాయని 2000 సంవత్సరంలో డికర్సన్ తీర్పులో అదే కోర్టు వ్యాఖ్యానించింది. వాటిని ఇంటింటికీ చేర్చింది ఎక్కువగా టెలివిజనే. మన ధారావాహికల్లో అరెస్టు దృశ్యాలకు కొదవ లేదు. అయినా వకీలును పిలిపించుకునే హక్కును పోలీసు పాత్ర చేత ఒక్కసారైనా చెప్పించే సంప్రదాయం మన రచయితలకు ఇంకా అలవాటు కాలేదు.

2000లో మొదలైన ‘సీఎస్‌ఐ’ తరవాత జ్యూరీలు ప్రతి కేసులోనూ డీఎన్‌ఏ ఆధారం అడుగుతున్నాయని ప్రాసిక్యూటర్లు వాపోయారు. మిషిగన్ న్యాయమూర్తి డొనాల్డ్ షెల్టన్ 2006లో దాదాపు వెయ్యి మంది జ్యూరీ సభ్యులను ప్రశ్నించి చూశాడు. ఆ కార్యక్రమం చూసేవారి అంచనాలు ఎక్కువగానే ఉన్నా, అవి నేరుగా తీర్పుల్ని మారుస్తున్నాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు.

నిజమైన విచారణల ప్రసారం

అమెరికాలో 1991లో మొదలైన కోర్ట్ టీవీ, 1995 సింప్సన్ విచారణ ప్రసారాలు నిజమైన కోర్టును ఇళ్లలోకి తెచ్చాయి. 2017లో బ్రిటన్ ఛానెల్ 4 ఒక కల్పిత హత్యకేసును నిజమైన బారిస్టర్లు, పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి, సామాన్య పౌరుల జ్యూరీతో విచారణ జరిపించి చూపింది. భారతదేశంలో స్వప్నిల్ త్రిపాఠీ కేసులో 2018లో సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారాలకు దారి తెరిచింది. ఆ తరవాత రూపొందిన నమూనా నియమాల్లో సాక్ష్యం నమోదును, క్రాస్ ఎగ్జామినేషన్‌ను ప్రసారం నుంచి మినహాయించారు. అందువల్ల రాజ్యాంగ ధర్మాసనం ముందు సీనియర్ న్యాయవాదుల వాదనలు ఇవాళ ఫోనులో చూడగలిగినా, డిఫెన్స్ వకీలు అసలు పని జరిగే సెషన్స్ కోర్టు బోను దగ్గరి దృశ్యం మన దేశంలో నాటకాల ద్వారా తప్ప ప్రేక్షకులకు అందడం లేదు.